వరద యెఱుగని భేదము



విపత్తులో నెందఱు మరణించిరో చరిత్ర చెప్పును. మిగిలినవారి గుండెలలో నేమి జరిగెనో చెప్పుట కథకుల పని. ఇందులకు నిదర్శనముగా అమెరికా దేశపు నవల యొకదానిని గూర్చి నేడు మనవి చేసెదను.

ఆ దేశపు ఆగ్నేయమూల ఫ్లోరిడా రాష్ట్రమున ఓకీచోబీ యను పెద్ద సరస్సు కలదు. దాని దక్షిణపుటొడ్డున నల్లని సారవంతమైన నేల. అచట చిక్కుడు మొదలగు పైరుల పనికై వేలకొలది కూలీలు చేరియుండిరి. వారిలో పెక్కురు నల్లజాతివారు. బహామా ద్వీపములనుండి వచ్చినవారును గలరు. సరస్సునకును వారి గుడిసెలకును నడుమ మట్టికట్ట యొక్కటే యడ్డు. 1928 సెప్టెంబరు 16వ తేదీ రాత్రి పెనుతుపాను సరస్సు నీటిని దక్షిణమునకు నెట్టెను. కట్ట తెగెను. కనీసము 2,500 మంది మృతినొందిరి. అందు నల్లజాతి కూలీలే యధికులు.

నీటికి తెలుపు నలుపు తెలియదు. నీరు తీసిన పిమ్మట మనుష్యులకే యా భేదము జ్ఞప్తికి వచ్చెను. శవపేటికలు చాలవయ్యెను, ఉన్నవానిని తెల్లవారికి కేటాయించిరి. వెస్ట్ పామ్ బీచ్ నగరమున తెల్లవారిని ఉడ్‌లాన్ శ్మశానమున పూడ్చిరి. 674 మంది నల్లవారిని మాత్రము బీదల శ్మశానమున నొక పెద్ద గోతిలో పేటికలు లేకయే పూడ్చిరి. బహుకాలము ఆ గోతిపై గుర్తుఱాయియైన లేకుండెను. ఆ భూమి పరుల చేతులలో పడి, 2000వ సంవత్సరమున మరల నగరమునకు చేరెను.

జోరా నీల్ హర్‌స్టన్ అను నల్లజాతి రచయిత్రి ఈ తుపానును 1937లో వెలువడిన తన నవలయందు చిత్రించెను. ఆ నవల పేరునకు 'వారి కన్నులు దైవమును చూచుచుండెను' అని యర్థము. అందు జానీ, టీ కేక్ అను దంపతులు ఆ పొలములలో కూలిచేసి బ్రతుకుచుందురు. తుపాను వెలిసిన పిదప తెల్లవారు తుపాకులు చూపి టీ కేక్‌ను శవములు పూడ్చు పనికి పట్టుకొనిపోవుదురు. ప్రతి శవమును తెల్లవానిదో నల్లవానిదో తేల్చి మఱి పూడ్చవలెనని యాజ్ఞ. నాని చెడిన దేహమునకు రంగెక్కడిది? వెండ్రుకలు చూచి తేల్చవలెనట! తెల్లవారికి పేటిక, నల్లవారికి గోయి, పైన సున్నము.

అంతటితో రచయిత్రి యూరకుండలేదు. వరదలో భార్యను కాపాడబోయి టీ కేక్ వెఱ్ఱికుక్క కాటునకు గుఱియగును. మతి చెడి భార్యపైననే తుపాకి యెత్తును. ఆత్మరక్షణకై యామె యతనిని కాల్చవలసివచ్చును. తెల్లవారి న్యాయసభ యామెను నిర్దోషియని విడుచును. కాని స్వజనులే కొంతకాలము ద్వేషింతురు. దుఃఖము దోషిని వెదకును. దొరకనిచో దగ్గఱనున్నవారినే దోషిని చేయును. ఈ సత్యమును దాచకుండుటయే యీ కథకు గౌరవము.

ఆ రచయిత్రి 1960లో పేదఱికమున మరణించి, తానును గుర్తులేని సమాధియందే యుండెను. 1973లో ఆలిస్ వాకర్ అను మఱియొక రచయిత్రి వెదకి వచ్చి ఱాయి నిలిపెను.

గ్రామపెద్దలారా! కులమున కొక శ్మశానము గల పల్లెలు మనకును కలవు. పరదేశీయుల తప్పు వినుట సులభము. మన యూరి గట్టు చూచుకొనుట కష్టము. విపత్తు కలిగిననాడు చనిపోయిన ప్రతివాని పేరును వ్రాయించుట, కూలికి వచ్చిన పరాయివానికిని సొంతవానికిని ఒక్క మర్యాదయే జరిపించుట పెద్దల ధర్మము. పోయినవానికి మనము చేయగల న్యాయ మంతకంటె వేఱు లేదు.