బోర్డు మీద ఎవరి చెయ్యి?
(ఉపాధ్యాయుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



బడిలోకి కొత్త మిషన్లొచ్చినయ్. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకీ, టీచర్లకీ కలిపి 5 లక్షల పైచిలుకు ట్యాబులు పంచారు. 2023లో హైస్కూలు గోడలకి, వేలితో తాకితే పనిచేసే ప్యానెళ్లు బిగించారు. పుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు అచ్చేశారు. వీటిని వద్దనేవాళ్లం కాదు మనం. పలకా బలపం ముట్టుకోడానికే తరాలు పట్టిన జాతులం, చేతికొచ్చిన పనిముట్టుని వదులుకోం. అడిగేది ఒక్కటే: ఆ బోర్డు మీద ఎవరి చెయ్యి పడుతోంది?

చాలా తరగతుల్లో జరిగేదేంటి? టీచరు వీడియో నొక్కుతాడు, పిల్లలు సినిమా చూసినట్టు చూస్తారు. బోర్డు మీద రాయాల్సొస్తే 'వచ్చినవాణ్ణి' పిలుస్తారు. వాడికెందుకొచ్చు? ఇంట్లో ఉంది కాబట్టి. మనోళ్ల ఇంట్లో ఒక్క ఫోనుంటే అది పొద్దున్నే నాయనతో పాటు పనికి పోద్ది. పల్లె పిల్లాడు వెనక బెంచీలోనే ఉంటాడు. ఎవరూ కులం పేరెత్తరు. పని మాత్రం పాత పనే జరిగిపోతది.

2020లో కరోనాకి బడులు మూసినప్పుడు చూశాం గదా. తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టి-శాట్‌లో పాఠాలు నడిచినయ్. టీవీ తన పాటికి తాను చెప్పుకుపోయింది. అర్థంకాక చెయ్యెత్తిన పిల్లని చూసేవాళ్లు లేరు. తెర పాఠం చెప్తుంది. పిల్ల ఎక్కడ ఆగిపోయిందో కనిపెట్టేది మాత్రం టీచరే.

కనిపెట్టాలంటే టీచరు తానూ నేర్చుకుంటూ ఉండాలి. సావిత్రిబాయి ఫూలే పెళ్లినాటికి అక్షరం ఎరగదు. జోతిబా దగ్గర చదువు నేర్చింది, టీచరు శిక్షణ తీసుకుంది, 1848లో పూణేలో ఆడపిల్లలకి పాఠం చెప్పింది. ఫూలే దంపతుల బడిలో చదివిన మాంగు కులపు పిల్ల ముక్తా సాల్వే మాంగు, మహర్ల దుఃఖం గురించి రాసింది. అది 1855లో 'జ్ఞానోదయ' పత్రికలో అచ్చయింది. ఆనాటి కొత్త మిషన్ అచ్చుయంత్రమే. ఆ పిల్ల అచ్చయింది చదివి ఊరుకోలేదు, తన మాట అచ్చులోకి ఎక్కించింది. మన తరగతికి కొలబద్ద అదే.

మనలో చాలామందిమి ఇంట్లో మొదటి డిగ్రీవాళ్లం. ఫారం నింపడం కాడ్నుంచి ప్రతిదీ బయట అడిగి అడిగి నేర్చుకున్నాం. ఇవాళ ప్యానెల్ దగ్గర పిల్లల్ని అడగడానికి నామోషీ దేనికి? 2020 నుంచి నిష్ఠ శిక్షణ దీక్ష యాప్‌లోకీ వచ్చింది. కోర్సు ముగిస్తే సర్టిఫికెట్టొస్తది. సర్టిఫికెట్టు వేరు, పని రావడం వేరు. పదిమంది టీచర్లం నెలకోసారి ఒక బడిలో కూర్చుని, ఒకరు చేస్తుంటే ఒకరు చూసి నేర్చుకుంటే పని వస్తది.

ఒక పాఠం చెప్తాం, చేసి చూడండి. ధ్వని పాఠానికి డప్పు తీసుకురండి. మంట దగ్గర కాచకముందు ఒక దెబ్బ, కాచాక ఒక దెబ్బ ఫోన్‌లో రికార్డు చెయ్యండి. ధ్వని తరంగాన్ని చూపించే ఉచిత యాప్‌లున్నాయి. రెండింటినీ ప్యానెల్ మీద పక్కపక్కన పెట్టండి. వేడికి తోల్లో తేమ పోయి బిగుసుకుంటది, మోత పదునెక్కుద్ది. ఈ సంగతి మన తాతలకి ఎప్పుడో తెలుసు. ఒక్క జాగ్రత్త: 'మీ కులంది గదా' అని మాదిగ పిల్లాడి చేతికే డప్పివ్వకండి. అందరి చేతా కొట్టించండి, అందరి చేతా రాయించండి.

ఇక మూడు పనులు. ప్యానెల్ పెన్ను రోల్ నంబరు వరసన ప్రతి పిల్ల చేతికీ పోవాలి. వీడియోని రెండు నిమిషాలకోసారి ఆపి, వెనక బెంచీని ముందడగాలి. ఫోను లేని ఇళ్ల పిల్లలకి సాయంత్రం గంటసేపు ఆ గది తెరిచుంచాలి. ఆ గంటకి మనం వంతులేసుకుందాం. కరెంటు, నెట్టు, రిపేరు ఖర్చు ప్రభుత్వాన్ని అడుగుదాం, రాతపూర్వకంగా అడుగుదాం.

మిషన్ని ఎవరైనా కొనిపెట్టొచ్చు. మన పిల్ల చేతికి పెన్ను అందేదాకా పక్కన నిలబడాల్సింది మనమే.

జై భీమ్!