వియత్నాం యుద్ధము – అమెరికా ప్రజలు

దూరదేశమున సాగు యుద్ధము స్వదేశపు ముంగిటికే రాగలదనుటకు వియత్నాం సంగ్రామము గొప్ప నిదర్శనము. 1965లో అచట పోరాట దళములను దింపిన అమెరికా, 1969 నాటికి ఐదు లక్షలకు మించిన సైన్యమును నిలిపెను.

1969 డిసెంబరు 1వ తేదీ రాత్రి వాషింగ్టనులో, నిర్బంధ సైనికసేవకు యువకులను పిలుచు వరుసను తేల్చుటకై, సంవత్సరమందలి 366 తేదీలను చీటీలపై వ్రాసి, నీలిరంగు గుళికలలో నుంచి, గాజుపాత్రనుండి ఒక్కొక్కటిగా తీయుచుండగా, తమ బిడ్డల భవితవ్యము పుట్టినరోజును బట్టి నిర్ణయమగుటను కుటుంబములెన్నియో టెలివిజనులో చూచెను. మొదట వెలువడినది సెప్టెంబరు 14.

యుద్ధము కంబోడియాకు విస్తరించుటపై నిరసనలు చెలరేగిన తరుణమున, 1970 మే 4న, ఒహాయోలోని కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయ ప్రాంగణమున నేషనల్ గార్డు సైనికులు కాల్పులు జరుపగా నలుగురు విద్యార్థులు మరణించిరి.

పదునెనిమిదేండ్లకే పోరునకు పోవలసినవారికి ఓటుహక్కు లేకుండుట అన్యాయమను వాదము బలపడి, 1971లో ఓటువయస్సు 21 నుండి 18కి తగ్గెను. 1973లో నిర్బంధ సైనికసేవ నిలిచిపోయెను. అదే యేట అధ్యక్షుని యుద్ధాధికారమునకు కాంగ్రెసు హద్దులు విధించెను.

58,000కు పైగా అమెరికనులు, లక్షలాది వియత్నామీయులు అసువులు బాసిరి. ప్రజలకు సత్యము చెప్పక వారి బిడ్డలను రణమునకు పంపు ప్రభుత్వము, ఎంతటి బలసంపన్నమైనను, స్వజనుల విశ్వాసమును కోల్పోక తప్పదు.