ఐర్లండున పుట్టిన మనుమడు ఏ దేశపు పౌరుడు?



మన గ్రామములనుండి చదువునకును కొలువునకును ఐర్లండు దేశము చేరిన యువకులు నేడు పలువురు కలరు. అచట మనుమడు కలిగెనని కబురు రాగానే, పుట్టినచోటే పౌరసత్వము గావున వాడిక ఐర్లండువాడే యని ఊరివారు నిశ్చయింతురు. ఈ మాట నేను పలుచోట్ల వింటిని. పూర్వ మిది నిజమే, నేడు కాదు.

2004వ సంవత్సరాంతమువరకు ఐర్లండు ద్వీపమున జన్మించిన శిశువునకు, రాయబారుల బిడ్డలవంటి కొందరు తప్ప, తల్లిదండ్రు లెవరైనను పౌరసత్వపు హక్కుండెను. బ్రిటిషు పాలనలోని ఉత్తర భాగమున పుట్టినవారికిని ఇదే న్యాయము. 1998 నాటి బెల్‌ఫాస్టు ఒడంబడిక పిమ్మట ఈ జన్మహక్కు రాజ్యాంగమునకే ఎక్కెను. కాని పౌరసత్వముకొరకే పరదేశపు గర్భిణులు వచ్చుచున్నారని కలవరము పుట్టెను. 2004 జూన్ 11వ తేదీన ప్రజల నడుగగా, ఓటు వేసినవారిలో నూటికి సుమారు 79 మంది మార్పునకు సమ్మతించిరి. పెద్దల రాకపోకలకు శిశువును బాధ్యుని చేయుట నా మనస్సునకు రుచింపలేదు. అయినను చట్టము చట్టమే.

2005 జనవరి 1 మొదలుకొని పుట్టిన బిడ్డ విషయమున తల్లిదండ్రుల స్థితిని చూతురు. వారిలో ఒకరు ఐర్లండు పౌరులో బ్రిటిషు పౌరులో అయినను, గడువులేని నివాసానుమతి కలవారైనను చిక్కులేదు. తక్కిన మనవారి కొక లెక్క కలదు. ప్రసవమునకు ముందటి 4 సంవత్సరములలో 3 సంవత్సరములు, ఇద్దరిలో ఒకరైనను, సక్రమమైన అనుమతితో అచట నివసించి యుండవలెను. ఇందులో విద్యార్థిగా గడపిన కాలము చేరదు. మనవారు మోసపోవు చోటు ఇదియే. రెండేండ్లు చదివి, రెండేండ్లు ఉద్యోగము చేసిన యువకునికి బిడ్డ పుట్టెననుకొనుడు. భార్య వచ్చి ఒక యేడాదియే అయినది. నాలుగేండ్లున్నను లెక్కకు వచ్చునవి రెండే. ఆ బిడ్డకు జన్మచే పౌరసత్వము రాదు. కావున పాస్‌పోర్టు ముద్రలను, నివాసపు కార్డులను పాతవని పారవేయవలదని మీ పిల్లలకు చెప్పుడు.

అట్టి బిడ్డను పుట్టిన ఏడాదిలోగా డబ్లినులోని భారత రాయబార కార్యాలయమున నమోదు చేయింపవలెను. వేరొక దేశపు పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు వ్రాసి ఈయవలెను; మన దేశము రెండు పౌరసత్వముల నొప్పదు. ఐర్లండు పాస్‌పోర్టు పొందిన మనుమనికి ఓసీఐ కార్డు తీసికొను వీలు కలదు. దానితో రాకపోకలకు అడ్డులేదు, ఓటు మాత్రము లేదు. తాతగారి పొలము వారసత్వముగా రావచ్చును గాని, ప్రక్క చేను కొని కలుపుకొనుటకు వీలులేదు.