కంటి కణములకు యంత్రపు కావలి

(సంఘ సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



సున్నము మనకు క్రొత్తది కాదు. ఈ చంద్రపుర మండలమున సున్నపురాతి గనులు, సిమెంటు కర్మాగారములు కలవు. మన యిండ్ల తాంబూలపు పళ్లెములందును సున్నము కలదు. అది కంటబడినచో నల్లగ్రుడ్డు అంచుననుండు మూలకణములు నశింపవచ్చును. కార్నియా పైపొరను నిత్యము పునరుద్ధరించునవి ఆ కణములే. అవి పోయినచో మసకపొర క్రమ్మి చూపు చెడును. అన్యుల కార్నియా అతికినను సాధారణముగా నిలువదు.

హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థవారు 2001 నుండి దీనికొక చికిత్స నడపిరి. రోగి మంచికంటి అంచునుండి చిన్న తునక తీసి, కాన్పునందు లభించు మాయపొరపై ప్రయోగశాలలో పెంచి, చెడినకంట నాటిరి. 2011లో ప్రకటించిన 200 కన్నుల ఫలితములలో నూటికి 71 సఫలములు. 2012లో వారే, తునకను ముక్కలుచేసి కంటిమీదనే పెంచు సులభమార్గమును వెల్లడించిరి. అయినను ప్రయోగశాలలో కణములను పెంచు విద్య పలుదేశములందు సాగుచునేయున్నది.

ఆ కణములకు 37 డిగ్రీల వేడిమి, నూటికి 5 పాళ్ల బొగ్గుపులుసు వాయువు ఉండవలెను. పరిశీలనకై పెట్టె తలుపు తెరచినప్పుడెల్ల ఈ స్థితి చెదరును. కావున నేడు కొన్ని ప్రయోగశాలలందు పెట్టెలోపలనే సూక్ష్మదర్శినిని, కెమెరాను అమర్చుచున్నారు. నియమితకాలమున తీసిన చిత్రములను కంప్యూటరు పోల్చి, పొర యెంతమేర వ్యాపించెనో, ఎంత వేగముగా పెరుగుచున్నదో లెక్కించును. రేయింబవళ్లు రెప్పవాల్పని కావలి యిది!

కాని, ఏపుగా పెరిగిన పైరంతయు గింజపట్టునా? 2010లో ఇటలీ శాస్త్రజ్ఞులు 112 మంది రోగుల ఫలితములను ప్రకటించిరి. వృద్ధిచెందు కణములలో నిజమైన మూలకణములు నూటికి మూడుకు మించినచో నూటికి 78 మందికి చికిత్స ఫలించినది. మించనిచో 11 మందికే. పొర నిండుట వేరు, అందు మూలకణములుండుట వేరు. చిత్రమును చూచియే కణముల గుణమును పసిగట్టు ప్రయత్నములు సాగుచున్నను, నాటవలెనా వలదా యను నిర్ణయభారము వైద్యునిదే.

మంచికన్ను మిగిలినవారికి ఆశ కలదు. బల్లార్షాలో రైలెక్కిన హైదరాబాదు దూరము కాదు. కాని ఏ యంత్రమును చేయలేని పని మన చేతిలోనున్నది. తాంబూలపు సున్నమును పిల్లలకందనీయకుడు. కర్మాగారమున కంటద్దములు ధరింపుడు. సున్నము కంటబడిన తత్క్షణమే, నలుపక, రెప్పలు తెరచి కనీసము అరగంట నీటిధారతో కడిగి వైద్యుని చేరుడు. ఆ తొలి నిమిషములందు కాపాడిన కణములను ఎవ్వరును మరల పెంచనక్కరలేదు.