పూలకూ పురుగులకూ ఏ లెన్సు కొనవలె?

(సంఘమువారి ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)

 

ఉగాది పచ్చడి తిని, పంచాంగ శ్రవణము చేసి కూర్చున్నవారికి లెన్సుల సంగతి చెప్పుమని కార్యదర్శిగారు నన్ను నిలబెట్టినారు. పండుగపూట ఇదేమి ప్రసంగమని పెద్దలకు తోచవచ్చును. కాని ఈ ఉదయము మన పచ్చడిలో పడిన వేపపువ్వును మనలో ఎందరు నిదానించి చూచినారు? దాని వెడల్పు సుమారు ఒక సెంటీమీటరు. అయిదు తెల్లని రేకలు, నడుమ కేసరాలన్నీ కలిసి ఏర్పడిన చిన్న గొట్టము. ఏటేటా తింటూనే ఉన్నాము, సరిగా చూచినవారు కొద్దిమంది. అంత చిన్నదానిని ఫోటోలో పట్టవలెనంటే దానికి తగిన గాజు కావలె. ఆ గాజును గురించే ఈ నాలుగు మాటలు.

మన కుర్రవారు మారికుప్పములోనో, చాంపియన్ రీఫులోనో తెల్లవారకముందే రైలెక్కి, బంగారుపేట మీదుగా బెంగుళూరు పోయి పనిచేసి, చీకటిపడిన తరువాత ఇల్లు చేరుతున్నారు. అట్లా సంపాదించిన జీతములో కొంత మిగిల్చి కెమేరా కొన్నవారు ఇక్కడ కొందరున్నారు. వారు నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: “మామా, మాక్రో లెన్సు ఏది కొనమంటావు?” వారి చెమట డబ్బుకు నేను తొందరపడి జవాబు చెప్పరాదు. మంచి మాక్రో లెన్సు ఒకటి కొంటే ఇంటి నెల సరుకుల ఖర్చును దాటిపోతుంది. కనుక ముందు లెన్సు పేరు అడగకండి. మూడు సంగతులు చూచుకోండి. మీరు తీయదలచిన ప్రాణి ఎంత ఉంటుంది? అది మిమ్మల్ని ఎంత దగ్గరకు రానిస్తుంది? అక్కడ వెలుతురు ఎంత ఉంటుంది? ఈ మూడింటికీ జవాబు దొరికితే లెన్సు దానంతట అదే తేలుతుంది.

ముందు మాక్రో అనే మాటకు అర్థము చెప్పుకుందాము. కెమేరా లోపల బొమ్మ పడే పలకను సెన్సరు అంటారు. ఒక సెంటీమీటరు పువ్వు ఆ పలకపై సరిగా ఒక సెంటీమీటరుగానే పడితే దానిని 1:1 అంటారు. సగముగా పడితే 1:2. నిజమైన మాక్రో లెన్సు 1:1 వరకు పోగలదు. చాలా జూము లెన్సులమీద కూడ “మాక్రో” అని అచ్చువేస్తారు గాని వాటిలో పెక్కు 1:3, 1:4 దగ్గరే ఆగిపోతాయి. కనుక అంగడిలో పేరు చూచి మురిసిపోక, నిష్పత్తి ఎంతో అడగండి. నికాన్ వారి లెన్సులమీద “మైక్రో” అని ఉంటుంది. అదీ ఈ జాతి లెన్సే. జపానులో పెక్కు గీతలున్న అక్షరాలతో నిండిన కాగితాలను మైక్రోఫిల్ముమీద స్పష్టముగా దించడానికి 1956లో వారు మొదటి మైక్రో-నిక్కార్ తెచ్చినారు. అందువల్ల ఆ పేరు నిలిచిపోయినది. అంతకు ముందు సంవత్సరము, 1955లో, కిల్‌ఫిట్ అనే జర్మనుడు చిన్న రిఫ్లెక్సు కెమేరాలకు మాక్రో-కిలార్ అనే లెన్సు చేసినాడు. ఈ లెన్సులు నిన్న మొన్న పుట్టినవి కావని తెలియడానికే ఇది చెప్పినాను.

ఇక పరిమాణము. పెద్ద సెన్సరు వెడల్పు 36 మిల్లీమీటర్లు, ఎత్తు 24. మన కుర్రవారు ఎక్కువగా కొనే రకములో వెడల్పు సుమారు 24 మిల్లీమీటర్లే. తంగేడు పువ్వు సుమారు అయిదు సెంటీమీటర్లు. పెద్ద సెన్సరుమీద 1:2 చాలు, ఫ్రేము ఎత్తంతా నిండుతుంది. మన జిల్లాకు పాలు, పట్టు, బంగారము అని మూడు పేర్లు గదా! ఆ పట్టుపురుగు ఎదిగినప్పుడు సుమారు ఏడు సెంటీమీటర్లు. దానికీ 1:2 చాలు. వేపపువ్వుకు మాత్రము 1:1 కావలె. అప్పుడైనా పెద్ద సెన్సరులో అది వెడల్పులో మూడవ వంతుకంటె తక్కువే నిండుతుంది. చిన్న సెన్సరులో రమారమి సగము నిండుతుంది. కనుక పూలు, పురుగులు తీసేవారు చిన్న సెన్సరు ఉన్నదని చిన్నబుచ్చుకోనక్కరలేదు. పట్టుపురుగు గ్రుడ్డు సుమారు ఒక మిల్లీమీటరు ఉంటుంది. దానికి 1:1 కూడ చాలదు. అయిదింతలు పెద్దది చేసే ప్రత్యేకమైన లెన్సులున్నవి గాని మొదటి లెన్సుగా వాటి జోలికి పోవద్దు.

రెండవ సంగతి దూరము. నా లెక్కలో అసలైన సంగతి ఇదే. మాక్రో లెన్సులు ముఖ్యముగా మూడు తరగతులు: 50, 60 మిల్లీమీటర్లవి, 90 నుండి 105 వరకు ఉన్నవి, 150 నుండి 200 వరకు ఉన్నవి. మూడూ 1:1 ఇస్తాయి. మూడింటిలోనూ పువ్వు అంతే పెద్దగా కనబడుతుంది. తేడా అంతా లెన్సు మూతికీ, పురుగుకూ నడుమ మిగిలే చోటులో ఉన్నది. 60 మిల్లీమీటర్ల దానితో 1:1 తీస్తే మిగిలేది సుమారు అయిదు సెంటీమీటర్లు, బెత్తెడు కూడ ఉండదు. 100 దానితో రమారమి రెండు బెత్తెలు. 180, 200 వాటితో జానెడు దాటుతుంది. కంపెనీ కాగితాలలో “కనీస ఫోకసు దూరము 30 సెంటీమీటర్లు” అని చదివి అంత చోటు ఉంటుందనుకోకండి. ఆ దూరము సెన్సరునుండి కొలిచినది. కెమేరా మందము, లెన్సు పొడుగు పోగా మిగిలేది అందులో సగమో, ఇంకా తక్కువో.

ఇప్పుడు మన ప్రాణులను తలచుకోండి. ఆరుద్ర కార్తెలో తొలి వానలకు ఎర్రని మఖమలువలె నేలమీద ప్రాకే ఆరుద్ర పురుగు ఉన్నది. అది పరుగెత్తదు, ఎగరదు. బెత్తెడు దూరానికి పోయినా దాని పని అది చూచుకుంటుంది. దానికి 60 చాలు. (అది కీటకము కాదు, ఎనిమిది కాళ్ళ ప్రాణి అని మంచి ఫోటో ఒకటి తీస్తే పిల్లలే లెక్కపెట్టి చెప్పగలరు.) వేపపువ్వు, గడ్డి చామంతి, మామిడి పూత ఇవీ అంతే. బేతమంగళము చెరువుగట్టున తూనీగ సంగతి వేరు. దాని తలలో చాలా భాగము కన్నులే. లెన్సు నీడ పడితే చాలు, లేచిపోతుంది. దానికి 100కు తక్కువ పనికిరాదు, 180 అయితే ఇంకా మేలు. జిల్లేడుమీద వాలే సీతాకోకచిలుకలూ ఆ కోవలోనివే. ఇక కందిరీగ గూడు తీయదలచినవారికి జానెడు దూరము సౌకర్యము మాత్రమే కాదు, క్షేమము కూడ. అన్నీ కొంచెము కొంచెముగా తీయదలచినవారికి 90 నుండి 105 మధ్యది మధ్యేమార్గము. మరీ బరువుండదు, వెల మరీ ఎక్కువ కాదు, వాడినవి కూడ దొరుకుతాయి.

మూడవ సంగతి వెలుతురు. గనిలో దిగిన మన పెద్దలకు దీపము విలువ ఒకరు చెప్పనక్కరలేదు. 1:1 దగ్గరకు పోయినప్పుడు సెన్సరుపై పడే వెలుతురు నాలుగవ వంతుకు తగ్గిపోతుంది. ఎఫ్ 8 అని పెట్టినా అది ఎఫ్ 16 వలె పనిచేస్తుంది. అంతేకాదు, పెద్ద సెన్సరుమీద ఎఫ్ 8తో స్పష్టముగా వచ్చే మందము సుమారు ఒక్క మిల్లీమీటరు. తేనెటీగ కన్ను స్పష్టమైతే రెక్క మసకబారుతుంది. ఎఫ్ 22 దాకా మూసివేస్తే మందము పెరుగుతుంది గాని బొమ్మ అంతా మెత్తబడుతుంది. ఎఫ్ 8, ఎఫ్ 11 నడుమ ఉండి, ఒక చిన్న ఫ్లాషు పెట్టి, దాని ముందు తెల్లని పలుచని కాగితము అడ్డముంచండి. వెలుగు మెత్తగా పడుతుంది. కనుక లెన్సుకు ఉన్న డబ్బంతా పోసి ఫ్లాషుకు ఏమీ మిగల్చకపోవడము తెలివి కాదు. మన ప్రాంతము సముద్రమట్టానికి 800 మీటర్లకు పైన ఉన్నది. చలికాలపు ఉదయాలలో పురుగులు ఒళ్ళు వేడెక్కక కదలకుండ కూర్చుంటాయి. ఆ గంటసేపు ఏ లెన్సయినా మంచి లెన్సే.

ఇంతకూ డబ్బు లేనివాడు ఏమి చేయవలె? చాలా చేయవచ్చును. మీ దగ్గర 250 మిల్లీమీటర్ల వరకు పోయే జూము ఉంటే దాని మూతికి బిగించే క్లోజప్ లెన్సు ఒకటి కొనండి. దాని శక్తి +4 అయితే, జూమును 250 దగ్గర అనంత దూరానికి ఫోకసు చేసినప్పుడు మీకు 1:1 వస్తుంది. పురుగుకూ గాజుకూ నడుమ 25 సెంటీమీటర్లు మిగులుతుంది. అనగా తూనీగకు ఇది 60 మాక్రోకన్న మేలు. ఒంటి గాజుది కాక రెండు గాజులు అతికినది తీసుకుంటే అంచులలో రంగులు చెదరవు. రెండవ ఉపాయము ఎక్స్‌టెన్షన్ ట్యూబులు. వాటిలో గాజే ఉండదు, ఖాళీ గొట్టాలు. 50 మిల్లీమీటర్ల లెన్సుకు వెనుక 25 మిల్లీమీటర్ల గొట్టము పెడితే 1:2, 50 గొట్టము పెడితే 1:1. అయితే పురుగుకు చాలా దగ్గరగా పోవలసివస్తుంది. పూలవారికి ఇది సరిపోతుంది. మూడవది, 50 లెన్సునే రింగుతో తలక్రిందులుగా బిగించడము. అన్నిటికంటె చవుక. కాని వెనుక గాజు ధూళికి బయలుపడుతుంది.

ధూళి అన్నాను గనుక ఒక హెచ్చరిక. మన సైనైడు దిబ్బలు అంటే గనినుండి తీసిన రాతిని పిండిచేసి, బంగారము తీసుకోగా మిగిలిన పొడి. గాలికాలములో అది వీధులలోకి ఎగిరి వస్తుంది. అందులో పలుగురాతి పిండి ఉన్నది. పలుగురాయి గాజుకన్న గట్టిది. లెన్సుమీద ఆ పొడి పడినప్పుడు చొక్కా అంచుతోనో, పైటచెంగుతోనో తుడిస్తే గీతలు పడితీరుతాయి. ముందు రబ్బరు బుడ్డితో ఊదండి, తరువాత మెత్తని కుంచెతో దులపండి, చివరకు గుడ్డ. వాడిన లెన్సు కొనేవారు దానిని దీపమునకు ఎదురుగా పట్టి లోపల బూజు దారాలున్నవేమో, రేకులకు నూనె అంటినదేమో చూడండి. ఫోటో కోసము దిబ్బలెక్కవద్దు, మూతపడిన షాఫ్టుల దగ్గరకు పోవద్దు. పురుగును ఐసుపెట్టెలో పెట్టి మొద్దుబార్చి తీయడము, పువ్వును తెంపి బల్లమీద పెట్టి తీయడము నాకు సమ్మతము కాదు.

ఇంత శ్రమ ఎందుకని మీరు అడగవచ్చును. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. అప్పటినుండి బయటివారు మన ఊరిని గురించి వ్రాసినప్పుడల్లా దిబ్బలు, ముళ్ళకంపలు, పాడుపడిన బంగళాలు అనే వ్రాస్తున్నారు. మన పిల్లలు కూడ ఆ మాటే నమ్ముతున్నారు. ఇక్కడ ఏ ప్రాణి బ్రతుకుతున్నదో చూచి వ్రాసిపెడితేగదా తెలిసేది! ముళబాగిలు తాలూకా హనుమనహళ్ళిలో ఒక జాతి గబ్బిలము ఉన్నది. లోకములో మరెక్కడా అది ఇప్పుడు ఉన్నట్టు తెలియదు. శాస్త్రజ్ఞులు దానికి పేరు పెట్టినది 1994లో. అంత పెద్ద ప్రాణికే అంత ఆలస్యమైనప్పుడు, మన చామంతిమీది చిన్న పురుగుల మాట చెప్పవలెనా? ఆ గుహకు ఫ్లాషు పట్టుకొని పొమ్మని కాదు నా భావము. వాటిని కదిలించరాదు. మీ పెరటి వేపచెట్టు, మీ వీధి జిల్లేడు, శ్రీనివాసపురములో మీ బంధువుల మామిడితోట చాలు. మామిడి పూతను పీల్చే తేనెమంచు పురుగు నాలుగయిదు మిల్లీమీటర్లు ఉంటుంది. అది ఏ వారములో వచ్చినదో ఏటేటా ఫోటో తీసి తేదీ వ్రాసిపెట్టిన రైతుకు ఆ చిత్రము అలంకారము కాదు, పైరు లెక్క.

అట్లా తీసేటప్పుడు ప్రతి పురుగుకూ మూడు బొమ్మలు తీయండి: పైనుండి ఒకటి, ప్రక్కనుండి ఒకటి, ముఖము ఒకటి. పువ్వుకైతే ఆకును, పువ్వు వెనుక భాగాన్ని కూడ తీయండి. తేదీ, స్థలము వ్రాయండి. ఒక్క వెన్ను చూచి జాతి చెప్పడము తెలిసినవారికి కూడ కష్టము. ఈ మూడు బొమ్మలకూ ఆ ప్రాణి ఎగిరిపోకుండ నిలువవలె. అందుకే లెన్సు వెలకంటె దూరము ముఖ్యమని ఇంతసేపు చెప్పినాను.

చివరగా సంఘమువారికి నా మనవి. ప్రతి ఇంటా ఒక మాక్రో లెన్సు కొనడము మనకు తగదు, అవసరమూ లేదు. 90, 100 మిల్లీమీటర్ల లెన్సు వాడినది ఒకటి, ఒక చిన్న ఫ్లాషు సంఘము పేర కొని, గ్రంథాలయములో పుస్తకమువలె వారానికి ఒకరికి ఇవ్వండి. పుచ్చుకున్నవారు మూడేసి బొమ్మలు, తేదీ, స్థలముతో తిరిగి ఇవ్వవలెనని నియమము పెట్టండి. దానికి నా వంతు చందా ఈ సభ ముగిసేలోగా కోశాధికారిగారికి ముట్టజెప్పుతాను. మన పెద్దలు టన్ను రాతిలో కొద్ది గ్రాముల బంగారము కోసము భూమిలో మూడు కిలోమీటర్ల లోతుకు పోయినవారు. కొంచెపు వస్తువును ఓపికగా వెదకడము మన ఇళ్ళలో తెలియని విద్య కాదు. మన పిల్లలు దానిని పట్టపగలు, తమ పెరటిలోనే చేయవచ్చును.

 కోశాధికారిగారు వేదికకు ఎడమప్రక్కన కూర్చొని ఉన్నారు.