పక్క స్లైడు ఏదీ?

మన కణాలకీ అస్థిపంజరం ఉంది. ఏక్టిన్, ట్యూబ్యులిన్, కెరాటిన్ వంటి ప్రోటీన్ల పోగులది. 1974లో లాజరైడిస్, వెబర్ అనే ఇద్దరు యాంటీబాడీల సాయంతో, కండరం కాని కణాల్లోనూ ఏక్టిన్ పోగుల్ని వెలిగించి చూపారు. ఒక యాంటీబాడీ ఏక్టిన్‌ని పట్టుకుంటుంది. రంగు తగిలించిన రెండోది ఆ మొదటిదాన్ని పట్టుకుంటుంది. నీలికాంతి పడితే పోగులు పచ్చగా వెలుగుతాయి.

మా లాబ్‌లో కొత్త పిల్లలు ఆ బొమ్మ చూసి మురిసిపోతారు. మురవాల్సిందే! నేను మాత్రం పక్క స్లైడు అడుగుతాను: రెండో యాంటీబాడీ ఒక్కటే వేసినది. అదీ వెలిగితే, చూసింది ఏక్టిన్ కాకపోవచ్చు, ఊరికే అంటుకున్న రంగు కావచ్చు. చాదస్తం అనుకోకండి. కణితి ఏ జాతి కణాల్లో పుట్టిందో తేల్చడానికి పెథాలజిస్టులు కెరాటిన్‌ని వెతికేదీ యాంటీబాడీలతోనే.