మాటకు తోడుమాట



ఆంగ్లంలో ‘అవర్స్’ అనే విశేషణం ఒకటి ఉన్నది. అంతగా వినబడని మాట. ‘ఇష్టపడని’ అని అర్థం. ‘పక్కకు మరలుట’ అనే లాటిన్ ధాతువు దీనికి మూలం. మన ‘విముఖ’ శబ్దంలోని భావమూ అదే. మరలుట ఒకదాని నుండి గనుక దీని తరువాత ‘ఫ్రమ్’ రావలెనని పూర్వం కొందరు పండితులు వాదించినారు. కాని వాడుక ‘టు’ను స్థిరపరచినది. ‘అవర్స్ టు వార్’ అనుటే నేటి సాధుప్రయోగం. ప్రతికూల పరిస్థితులను తెలిపే ‘అడ్వర్స్’ వేరు. ‘అవర్స్’ మనిషి మనస్సుకు చెందినది.

హిందీలో ‘యుద్ధ్ సే విముఖ్’ అంటారు. అనువాదం ఆరంభించిన రోజులలో నేను దానిని ‘యుద్ధం నుండి విముఖుడు’ అని వ్రాసినాను. చదివిన పెద్దలొకరు, “ఇతడు రణరంగం విడిచి పారిపోయినాడా?” అని అడిగినారు. ‘యుద్ధం పట్ల విముఖుడు’ అనవలసినది. ఒక్క చిన్నమాట శాంతికాముకుని పిరికివానిగా మార్చినది!

భావం ఒక్కటే. దానికి ఆంగ్లం ‘టు’ను, హిందీ ‘సే’ను, తెలుగు ‘పట్ల’ను తోడు తెచ్చుకొన్నవి. కనుక ఏ భాషలోనైనా మాటను దాని తోడుమాటతో సహా నేర్చుకొనండి. ఒక భాష తీరును మరొక భాషపై రుద్దకుండుటే ఆ భాషీయులకు మనమిచ్చే గౌరవం.